వారమున కొక్కనాటి మాత్ర

(తల్లిదండ్రులకొక ఆరోగ్యపాఠము)

క్యాన్సరు మందు అనగానే సూదియు, సీసాయు, ఆసుపత్రి మంచమును మన కన్నులకు గట్టును. కాని ఆ వ్యాధికి వాడు మందులలో కొన్ని చిన్న మాత్రల రూపమున ఇంటికి వచ్చి, అలమరలో తలనొప్పి మాత్రల ప్రక్కనే కూర్చుండును. ఆసుపత్రిలో నర్సు చేయు పని అప్పుడు తల్లి చేతికి వచ్చును. ఎంత ఇయ్యవలెను, ఏనాడు ఇయ్యవలెను, ఏ చిహ్నము కనబడినచో పరుగెత్తవలెను అను మూడు సంగతులను కనిపెట్టుకొని యుండవలసినవారు ఇంటివారే. కావున మాత్ర చిన్నదని మందును చిన్నదిగా ఎంచరాదు.

ఈ పాఠమున అట్టి మాత్రలలో ఒకదానిని గూర్చి తెలిసికొందము. దాని పేరు మెథోట్రెక్సేట్. దీనిని ఎన్నుకొనుటకు మూడు కారణములు కలవు. పిల్లలకు వచ్చు రక్తక్యాన్సరులో ఇది ముఖ్యమైన మందు. పెద్దలకు వచ్చు కీళ్లవాతమునకును దీనినే తక్కువ మోతాదులో ఇచ్చుటచే, క్యాన్సరు లేని ఇండ్లలోను ఇది కనబడును. మూడవది, ఈ మందు పుట్టుకలో ఒక తెలుగువాని కృషి యున్నది.

మందు పుట్టిన విధము

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మద్రాసు వైద్య కళాశాలలో చదివిరి. వారి సోదరులు ఇరువురు స్ప్రూ అను గ్రహణి రోగముచే మరణించిరి. 1923లో వారు అమెరికా దేశమునందలి బోస్టను నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున చాలకాలము పరిశోధన సల్పిరి. 1940లో న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊర నున్న లెడర్లీ ప్రయోగశాలకు మారిరి. అచట వారి బృందము 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమను విటమినును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధిలో కలుగు రక్తహీనతకు ఈ విటమినే మందైనది.

ఆ కాలముననే బోస్టను పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యశాస్త్రజ్ఞుడు ఒక వింతను గమనించెను. రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు ఫోలిక్ ఆమ్లజాతి పదార్థములను ఇచ్చినచో వ్యాధి తగ్గుటకు మారుగా విజృంభించినట్లు తోచెను. అట్లయిన ఆ విటమినుకు ఎదురు నిలుచు పదార్థమును ఇచ్చినచో వ్యాధి అణగునేమో యని ఆయన తలచెను. అట్టి పదార్థములను సుబ్బారావుగారి బృందము తయారుచేసి పంపెను. వానిలో అమినోప్టెరిన్ అనునదానిని ఫార్బర్ పిల్లలకు ఇచ్చి చూచి, 1948 జూనులో ఫలితములను ప్రకటించెను. 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి కొంతకాలము వెనుకకు తగ్గెను. మరల వచ్చిన మాట నిజమే. అయినను, అంతవరకు కొలది వారములలోనో నెలలలోనో బిడ్డను కబళించుచుండిన వ్యాధి ఒక మందుకు లొంగుట అదియే మొదలు. ఆ సంవత్సరమే ఆగస్టు మాసమున, తమ 53వ యేట, సుబ్బారావుగారు పరమపదించిరి. అమినోప్టెరిన్‌కు తోబుట్టువువంటిది మెథోట్రెక్సేట్. అపాయము కొంత తక్కువగుటచే తరువాత ఇదియే వాడుకలో నిలిచెను. సుబ్బారావుగారి శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలాశాఖ వారి పేర తపాలాబిళ్లను వెలువరించెను.

ఇది పనిచేయు తీరు

మన శరీరమునందు కొత్త కణములు పుట్టుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. మెథోట్రెక్సేట్ రూపమున దానిని బోలియుండును గాని దాని పని చేయదు. మన నేతపనినుండియే ఉపమానము చెప్పవచ్చును. కండె చూచుటకు సరియైనదే, నాడెలో చక్కగా అమరును. కాని దారము విడువదు. అప్పుడు మగ్గము ఆగిపోవును. అట్లే ఈ మందు ఫోలిక్ ఆమ్లముండవలసిన చోట కూర్చుండి, కణము రెండుగా చీలు పనిని ఆపివేయును.

క్యాన్సరు కణములు వేగముగా చీలునవి గనుక ఈ దెబ్బ వానికి గట్టిగా తగులును. కాని శరీరమున వేగముగా చీలు మంచి కణములును కలవు. ఎముకల మజ్జలో రక్తకణములు, నోటి లోపలి పొర, ప్రేగుల పొర, వెండ్రుకల కుదుళ్లు అట్టివి. మందుకు శత్రువెవరో మిత్రుడెవరో తెలియదు. మోతాదును, ఆ మోతాదుల నడుమనున్న విరామమును మాత్రమే మంచి కణములను కాపాడును. వారమునకొక దినము మందు తగిలి, మిగిలిన ఆరు దినములు మజ్జ తేరుకొనవలెను. ఈ ఒక్క మాట అర్థమైనచో ఈ పాఠమున సగము అర్థమైనట్లే.

ఏ రోగములకు వాడుదురు

మొదటిది, పిల్లలలో ఎక్కువగా వచ్చు అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అను రక్తక్యాన్సరు. తొలి నెలలలో ఆసుపత్రియందు సూదిమందులతో తీవ్రమైన చికిత్స జరుగును. పిమ్మట సుమారు రెండేండ్లు ఇంటియొద్దనే మాత్రలు నడచును. మెర్కాప్టోప్యూరిన్ అను మాత్ర ప్రతిదినము, మెథోట్రెక్సేట్ వారమునకొక దినము ఇచ్చుట ఇందలి సామాన్య పద్ధతి. ధనిక దేశములలో నేడు ఈ వ్యాధి సోకిన పిల్లలలో నూటికి ఎనుబదిమందికి పైగా బ్రతికి బయటపడుచున్నారు.

ఈ రెండేండ్ల కాలమే ఇంటివారికి పరీక్ష. బిడ్డ ముఖము తేటపడును, జుట్టు మొలచును, బడికి పోవును. రక్తపరీక్షలో దోషము కనబడదు. “ఇక మందెందుకు?” అని పెద్దలకు తోచును. కాని పరీక్షకు అందని కొలది కణములు మిగిలియుండవచ్చును. మాత్రలు ఆపుటచేతను, తరచుగా తప్పించుటచేతను వ్యాధి తిరిగి వచ్చును. అట్లు తిరిగి వచ్చిన వ్యాధిని లొంగదీయుట మొదటిదానికంటె ఎంతయో కష్టము. చికిత్స ముగిసినదని చెప్పవలసినవాడు వైద్యుడే గాని, బిడ్డ ముఖకాంతి కాదు.

రెండవది, గర్భసంబంధమైన కోరియోకార్సినోమా అను క్యాన్సరు. 1956లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అను వైద్యులు ఈ మందుతో దానిని అణచిన సంగతి వైద్యచరిత్రలో ప్రసిద్ధమైనది. దీనికి సాధారణముగా సూదిరూపముననే ఇత్తురు. మూడవది, కీళ్లవాతము, సోరియాసిస్ అను చర్మవ్యాధి. వీనికి వారమునకు 7.5 మిల్లీగ్రాములు మొదలు 25 మిల్లీగ్రాముల వరకు ఇత్తురు. ఇది క్యాన్సరుకు సూదిరూపమున ఎక్కించు పెద్ద మోతాదులకంటె చాల తక్కువ. కావున అవ్వ మందుచీటీలో ఈ పేరు చూచి క్యాన్సరని బెదరనక్కరలేదు. తక్కువ మోతాదు గదా యని ఏమరనూ రాదు.

వారమా, దినమా?

ఈ మందుతో లోకమంతట జరుగుచున్న ఘోరమైన పొరపాటు ఒక్కటే: వారమునకొక మారు వేసికొనవలసినదానిని ప్రతిదినము వేసికొనుట. వైద్యుడు వ్రాయుటలోను, అంగడివాడు చెప్పుటలోను, ఇంటివారు వినుటలోను ఇది జరుగవచ్చును. కొలది దినములు అట్లు వేసికొన్నందున ప్రాణములు కోల్పోయినవారు కలరు. ఐరోపా ఔషధ సంస్థ 2019లో ఈ విషయమున ప్రత్యేకముగా జాగ్రత్తలు నిర్దేశించినది.

లెక్క వేసి చూడుడు. వారమునకు 15 మిల్లీగ్రాములు చెప్పిరనుకొందము. దానినే దినదినము ఏడు దినములు వేసికొన్నచో 105 మిల్లీగ్రాములగును. పైగా మజ్జకు విరామమే ఉండదు. మరియొక విధమైన పొరపాటు కూడ కలదు. ఈ మాత్రలు 2.5, 5, 7.5, 10 మిల్లీగ్రాముల పరిమాణములలో దొరకును. 15 మిల్లీగ్రాములకు 2.5 మాత్రలు ఆరు కావలెను. ఆరు వేయు అలవాటుపడిన చేతికి ఈ మారు అంగడివాడు 10 మిల్లీగ్రాముల మాత్రలిచ్చెనేని, ఆరు కలిసి 60 మిల్లీగ్రాములగును. అనగా నాలుగింతలు. కావున మాత్రల సంఖ్యను మాత్రమే గుర్తుంచుకొనరాదు, మిల్లీగ్రాములను గుర్తుంచుకొనవలెను.

పరభాషా ప్రాంతమున నివసించు మనకు ఈ అపాయము మరికొంత ఎక్కువ. చీటీ ఇంగ్లీషులో నుండును. అంగడివాడు మరాఠీలోనో హిందీలోనో చెప్పును. మరాఠీలో “ఆఠవడా” అనగా వారము. ఆ మాట కొత్తవారి చెవికి ఎనిమిది యని వినబడును. మన తెలుగులోనే “వారము” అనగా ఏడు దినముల కాలమనియు, సోమవారము మంగళవారము వలె దినము పేరనియు రెండర్థములు కలవు. కావున “వారానికొకటి” అని విని ఊరకుండక, ఏ వారమో పేరు పెట్టించుకొనవలెను. “ప్రతి ఆదివారము రాత్రి, మొత్తము ఇన్ని మిల్లీగ్రాములు” అని వైద్యునిచే నిర్ణయింపజేసికొని, మందుపెట్టెపై పెద్ద తెలుగు అక్షరములలో వ్రాసికొనవలెను. కొందరు బుధవారమనగా బుధవారమే చెప్పుదురు గాని గురువారమును బేస్తవారమందురు. ఇంటిలో ఏ మాట వాడుకలో నున్నదో ఆ మాటనే వ్రాయుట మేలు. గోడ క్యాలెండరుపై మందు వేసిన దినమున గుర్తు పెట్టవలెను. రాత్రిపాళికి సాంచల మీదికి పోవు తండ్రియు, ఇంటనుండు తల్లియు ఇద్దరును ఆ గుర్తునే చూడవలెను. ఒకరు వేసిరో లేదో యని మరియొకరు మరల వేయకుందురు.

మాత్రల రంగును నమ్మరాదు. మెథోట్రెక్సేట్ పసుపు చాయ గలది. ప్రతిదినము వేయు మెర్కాప్టోప్యూరిన్ కూడ లేతపసుపు. కీళ్లవాతపు రోగికి ఉపద్రవము తగ్గించుటకై విడిగా ఇచ్చు ఫోలిక్ ఆమ్లపు మాత్రయు పసుపుపచ్చనిదే. రసాయనరూపమున ఒకదానినొకటి బోలిన ఈ రెండును కంటికి కూడ ఒకేతీరున కనబడుట విచిత్రమే గాని ప్రమాదకరము. వేర్వేరు డబ్బాలలో, వేర్వేరు అరలలో ఉంచవలెను. ఫోలిక్ ఆమ్లము మంచి విటమినే కదా యని రక్తక్యాన్సరు బిడ్డకు వైద్యుడు చెప్పక ఇయ్యరాదు. అది మందుకు ఎదురు నిలుచును.

మరచిన మోతాదును మరుసటి మారు రెట్టింపు చేసి ఇయ్యరాదు. ఏమి చేయవలెనో ఆసుపత్రిని అడుగవలెను. పొరపాటున ఎక్కువ వేసినచో, బాధ ఏమియు కనబడకున్నను, ఆ క్షణమే మాత్రల పట్టీతో సహా ఆసుపత్రికి పోవలెను. ఫోలినిక్ ఆమ్లమను విరుగుడు కలదు. అది ఎంత తొందరగా పడిన అంత మేలు.

కనిపెట్టవలసిన చిహ్నములు

వికారము, అలసట, అన్నము సహింపకపోవుట తరచుగా కలుగును. వానిని వైద్యునితో చెప్పి సర్దుకొనవచ్చును. కాని క్రింది చిహ్నములకు వేచియుండరాదు. జ్వరము 100.4 డిగ్రీలు గాని అంతకు మించి గాని వచ్చుట, నోటిలో పుండ్లు, చిగుళ్లనుండి రక్తము, చర్మముపై నల్లని కమిలిన మచ్చలు, కన్నులు పచ్చబడుట, ఆగని వాంతులు, విరేచనములు, మూత్రము తగ్గుట. మందు మూత్రపిండముల ద్వారా వెలికిపోవును గనుక శరీరమున నీరు తగ్గినచో విషము నిలిచిపోవును. తదుపరి మోతాదు వేయకముందే వైద్యుని చూడవలెను.

ఎండుదగ్గు, ఆయాసములను మనవారు ప్రత్యేకముగా గమనింపవలెను. ప్రత్తిధూళి నడుమ పనిచేయువారికి దగ్గు కొత్త కాదు. “సాంచల దగ్గే” యని త్రోసివేయుట అలవాటు. ఈ మందు ఊపిరితిత్తులను వాపజేయగలదు. కావున మందు తినుచున్నవారికి కొత్తగా వచ్చిన దగ్గును ధూళిపైకి నెట్టరాదు.

ఈ మందు గర్భస్థ శిశువునకు మిక్కిలి హానికరము. గర్భిణి దీనిని వాడరాదు, వట్టిచేతులతో తాకరాదు. బిడ్డను కనదలచిన దంపతులు, మందు తినువారు భార్యయైనను భర్తయైనను, ముందుగా వైద్యునితో ఆలోచింపవలెను. కల్లు, సారాయి కాలేయమును రెండింతలుగా చెరచును. నొప్పి మాత్రలను, సెప్ట్రాన్ వంటి కో-ట్రైమోక్సజోల్ మాత్రలను అంగడిలో స్వయముగా కొని వాడరాదు. కొందరు పిల్లలకు వైద్యులే దానిని వ్రాయుదురు, అది వారు లెక్కచూచి వ్రాయునది. నాటుమందులు వాడుచున్నచో దాచక చెప్పవలెను.

బడి విషయమొకటి. చికిత్సలోనున్న బిడ్డకు తట్టు, ఆటలమ్మ ప్రాణాంతకములు కాగలవు. తరగతిలో ఎవరికైనను అవి వచ్చినట్లు తెలిసినచో, తమ ఇంటి బిడ్డకు రాలేదని ఊరకుండక, ఉపాధ్యాయునకు కబురు చేయుట ప్రతి తల్లిదండ్రుల ధర్మము. ఆ కబురు మరియొక ఇంటి బిడ్డను కాపాడును. రక్తక్యాన్సరు అంటువ్యాధి కాదు. ఆ బిడ్డ ప్రక్కన కూర్చుండుటకు ఎవరును జంకనక్కరలేదు.

వెల ఎంత?

మెథోట్రెక్సేట్ పాతమందు, దానిపై పేటెంటు లేదు. మన దేశమున పలు సంస్థలు దీనిని తయారుచేయుచున్నవి. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అవసరమైన మందుల పట్టికలోను, భారత ప్రభుత్వపు పట్టికలోను ఇది యున్నది. కావున ఒక వారపు మాత్రల వెల నేతకార్మికుని ఒక దినపు కూలికి చాల తక్కువ.

అన్ని క్యాన్సరు మాత్రలును ఇట్లు చవుక కావు. మూత్రపిండము, కాలేయముల క్యాన్సరుకు వాడు నెక్సావర్ మాత్రలకు బేయర్ కంపెనీ నెలకు 2,80,428 రూపాయలు తీసికొనుచుండెను. 2012 మార్చి 9వ తేదీన భారత పేటెంట్ల అధికారి హైదరాబాదులోని నాట్కో సంస్థకు అదే మందును తయారుచేయుటకు అనుమతి నిచ్చుచు, నెలకు 8,880 రూపాయలకు మించరాదని నిర్ణయించెను. 2014లో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తరువును నిలబెట్టెను. దీనినిబట్టి చూడగా, మాత్ర వెల చాలవరకు దానిపైనున్న హక్కునుబట్టియే యుండునని తెలియుచున్నది.

అయితే చవుక మాత్ర తినుచున్న ఇంట కూడ ఖర్చు లేకపోదు. రక్తకణముల పరీక్ష, కాలేయ మూత్రపిండముల పరీక్షలు మరల మరల చేయింపవలెను. కాల్హేర్‌నుండి ఠాణాకు, ఠాణానుండి లోకల్ బండిలో పరేల్ చేరి, 1941లో స్థాపితమైన టాటా మెమోరియల్ ఆసుపత్రికి పోవుటకు ఒక దినము పట్టును. ఆ దినపు కూలి పోవును. పెక్కు కుటుంబములు చికిత్సను నడుమ విడుచుట ఈ ఖర్చుల భారముచేతనే. పరీక్ష మానుకొని మిగిల్చిన డబ్బు మిగులు కాదు. మజ్జ దెబ్బతిన్న సంగతి ముందుగా తెలుపునది ఆ పరీక్షయే.

సహాయము కలదు. మహారాష్ట్రమున మహాత్మా జ్యోతిరావు ఫూలే జన ఆరోగ్య యోజన క్రింద కుటుంబమునకు సాలునకు 5 లక్షల రూపాయల వరకు చికిత్స లభించును. రేషన్ కార్డు, ఆధార్ కార్డు సిద్ధముగా నుంచుకొని, ఏ పరీక్ష, ఏ మందు ఇందులో చేరునో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడుగవలెను. పెద్ద ఆసుపత్రులలో వైద్యసామాజిక కార్యకర్తలుందురు. ఖర్చు మోయలేని సంగతి వారికి మొదటి దినముననే చెప్పుట సిగ్గుపడవలసిన పని కాదు. జన ఔషధి కేంద్రములలో కూడ మందును అడిగి చూడవచ్చును. బతుకమ్మకో, పెండ్లికో స్వగ్రామము పోవునప్పుడు తిరిగివచ్చువరకు సరిపడు మాత్రలను, ఆసుపత్రి ఫైలును వెంట గొనిపోవలెను.

ఇంటివారు వేసికొనవలసిన ప్రశ్నలు

1. మన ఇంట ఈ మందు ఏ రోగమునకు ఇచ్చిరి?
2. ఏ వారమున వేయవలెను? ఆ పేరు పెట్టెపై తెలుగులో వ్రాసితిమా?
3. మొత్తము ఎన్ని మిల్లీగ్రాములు? ఈ పట్టీలోని ఒక్కొక్క మాత్ర ఎంత?
4. తరువాతి రక్తపరీక్ష ఏనాడు?
5. రాత్రివేళ జ్వరము వచ్చినచో ఎవరికి ఫోను చేయవలెను?

ఈ ఐదింటికిని ఇంటిలో ఒక్కరు గాక ఇద్దరు సమాధానము చెప్పగలిగినచో ఆ ఇంట మందు భద్రముగా నున్నట్లే. మన పిల్లలు బడిలో తెలుగు, మరాఠీ, హిందీ, ఇంగ్లీషు నేర్చుచున్నారు. భారమంతయు వారిపై వేయక, మందుపట్టీని వారిచే ఒకమారు చదివించి, పెద్దలొకమారు సరిచూచుకొనుడు. ఆ చదువు ఇంటిలోని ఒక ప్రాణమును నిలుపగలదు.